డబ్బా

పై ఆఫీసు నుంచి వచ్చిన ఫారం
ఎవరో వంకరగ స్కాన్ చేసిన పీడీఎఫ్.
మార్జిన్‌ల పిన్ను తుప్పు మచ్చ,
కింద ఎవరిదో బొటనవేలి నీడ.
ఇల్లు: పూర్తిగా, పాక్షికంగా.
పశువులు: పాలవి, వట్టిపోయినవి.
పంట: ఎకరాల్లో, గుంటల్లో.
కొత్తవాడ మూడో గల్లీల ఎకరాలెక్కడియి?
గుంటలు లేవు, గుంతలున్నయి,
ఇంటికొక మగ్గం గుంత,
వాన పోయి ఆరు దినాలైనా
మోకాటి లోతు నీళ్లతోని.

నేను రోజుకూలికి పెట్టుకున్న ఎన్యూమరేటర్ని.
ట్యాబ్ సర్కారుది.
స్టైలస్ నాది, హన్మకొండ చౌరస్తాల
నూటెనభైకి బేరమాడి కొన్నది.

చిప్ప కొమురమ్మ గడప మీద కూసోని
తడిసిన కండెలు ఒక్కొక్కటే పిండుతున్నది.
రంగు కారి వేళ్లు సగం ఎరుపు, సగం పచ్చ.
"ఇల్లు రాసినవ్, మంచిదే.
మగ్గం ఏడ రాసినవ్ బిడ్డా?"
"దానికి గడి లేదమ్మా."
"గడి మాట నా ముంగట ఎత్తకు.
మా అవ్వ దొర గడీల వెట్టికి నేసింది.
డబ్బా అను."

సరే, డబ్బా.
టీ అక్షరం గుర్తు తాకి, కాయితం మీద వేలు ఆనిస్తే
నీలిగీతల డబ్బా ఒకటి పుట్టింది.
చుట్టూ ఎనిమిది చుక్కలు,
ఎవరో ముగ్గు మొదలుపెట్టి
పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి ఉరికినట్టు.
మూల పట్టి గుంజితే పెరుగుతది.
నడుమ పట్టి గుంజితే నడుస్తది.
పంట మీదికి పోయింది, ఎనుకకు తెచ్చిన.
పశువుల పక్కన ఆగింది.

కొంగుకు చేతులు తుడుచుకొని ఆమె తొంగి చూసింది.
"కింది కాయితం కదలదా?"
"కదలదు."
"నువ్వు కొట్టేది కదుల్తది."
"ఆ."
"గట్ల చెప్పు మరి.
కిందిది పడుగు. నువ్వు కొట్టేది పేక."

ట్రైనింగ్‌ల పద్నాలుగు బొమ్మలేసి చూపినా
నాకు ఎక్కని సంగతి.

కొట్టిన:
గుంత మగ్గం ఒకటి. పన్నె తుప్పు.
దోనె ఉబ్బింది. నాడె కొట్టుకపోయింది.
"జంపఖానా రాయి."
"ఎన్ని?"
"సగం."
ఫారంల గడులన్నీ అంకెలే అడుగుతయి.
డబ్బా ఏమీ అడగదు.
సగం అంటే సగమే పట్టుకున్నది.
అక్షరాల సైజు పన్నెండు నుంచి ఎనిమిదికి దించితే
జంపఖానా ఎట్లనో ఇమిడింది,
ఒక్క ఒత్తు మాత్రం గీత దాటి ఏలాడుతూ.

శనివారం ఆఫీసు కంప్యూటర్ల తెరిస్తే
మగ్గం లేదు.
వాన తీసుకపోనిది
పాత సాఫ్ట్‌వేర్ తీసుకపోయింది.
గుమాస్తా సదానందం అద్దాలు నుదుటికెక్కించి
"ఖాళీయే కదా" అన్నడు.
రెండుసార్లు నొక్కితే గానీ
అక్షరాలు నిద్ర లేవలేదు.
"అతికించి పంపు. మళ్ల ఎవ్వరూ కదపలేరు.
నువ్వు గూడ."

మళ్లీ మూడో గల్లీ.
ఆమె గుంతలకు దిగి గిన్నెతోని బురద తోడుతున్నది.
"అతికిస్తే ఇగ మార్చరాదా?"
"రాదు."
గిన్నె కొంచెంసేపు ఆగింది.
"నాడె దొరికింది బిడ్డా, నిన్న.
మోరీ జాలికి తట్టుకొని ఉండె.
గది కొట్టెయ్.
నా పేరు మీద అబద్ధం పోవద్దు."
"తర్వాత అతికించన్నా?"
"నేసుడు అయినంకనే కొస ముడేస్తరు.
నీ ఇష్టం."

గుంత అంచున కూసోని నాడె తీసేసిన.
రెండు మాటలు పోంగనే
డబ్బాల జాగ మిగిలింది.
"సగమంటే ఎంత నేసినవమ్మా, కొలత రాస్త?"
గుంతలకెల్లి బురద చేతులు చాపింది:
రెండు మూరలు, ఒక బెత్తెడు.
పచ్చ దారం ఒకటి మోచేతికి అంటుకొని ఉన్నది.

ఫైలు పేరు అడిగింది ట్యాబ్.
కొమురమ్మ మగ్గం, ఫైనల్ కాదు,
అని పెట్టి దాచుకున్న.
ఆఫీసుకు పంపింది అతికించిందే.