తవుడని చెప్పాను

పొద్దున్నే దడి తలుపు తీస్తే
సిటీ బస్సులోంచి దిగే జనంలా
ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి.
ఇవాళ రాలేదు.

రాణిగారితోటలో మా ఇల్లు,
కృష్ణ గోడకి ఇవతల, మూడో సందు.
రోహిణి కార్తె.
ఆరింటికే రేకులు వేడెక్కి
టక్కు టక్కుమంటున్నాయి.

ఏడు బాతులు.
కుంటిదీ, దాని జతదీ ఓ మూల నిలబడి ఉన్నాయి.
నాలుగు నేలకి అతుక్కుని ఉన్నాయి.
పోలీసు, అదే, ముందు నడుస్తూ అందర్నీ అదిలించేది,
తన మెడ తనది కానట్టు
మట్టిలో వదిలేసింది,
పిండి ఆరెయ్యడం మరిచిన గుడ్డలా.
కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"నాన్నా, డాక్టరమ్మ నీళ్లు తాగబోయింది.
తొట్టిలో పెట్టిన తల మళ్లీ ఎత్తలేకపోయింది"
అంది కెజియ.
అరచెయ్యి లోతు నీళ్లు.
బాతు మునిగి చచ్చిందంటే
ఎవరు నమ్ముతారు?

పక్కింటి మాణిక్యమ్మ దిష్టి అంది.
ఎదురింటి కుర్రాడు ఫోన్లో చూసి
కోళ్ల జబ్బే అన్నాడు,
మున్సిపాలిటీ వాళ్లొస్తే
రెక్కలున్నవన్నీ గోతిలోకే అన్నాడు.
ఐదు నిమిషాల్లో వీధిలో కోళ్లన్నీ
గంపల కిందకి పోయాయి.

పశువులాసుపత్రి కాంపౌండరు సుందర్రావు వచ్చి
పోలీసు మెడ రెండు వేళ్లతో ఎత్తి వదిలాడు.
ఎత్తాడు.
వదిలాడు.
ముక్కులో చీమిడి లేదు, కంట్లో పుసి లేదు.
"ఏం పెట్టారు?" అన్నాడు.

నేను చేపలు కోస్తాను.
కృష్ణలంకలో రోడ్డు పక్కన కత్తిపీట.
శీలావతి తలలు, బొచ్చె పేగులు
బకెట్లో వేసి తెస్తే వీటికి పండగ.
ఆదివారం బేరం బాగా సాగింది.
ఆ రాత్రి బకెట్టు పెరట్లో పెట్టి మరిచిపోయాను.
కాదు, మరిచిపోలేదు.
ఒళ్లు బరువై రేపనుకున్నాను.
రేపు మళ్లీ రేపనుకున్నాను.
మంగళవారం మూత తీస్తే
లోపల తెల్లగా, ఉడికే అన్నంలా కదులుతోంది.
బాతులకి పురుగులంటే ప్రాణం కదా.
వంచేశాను.
ఎంత ఆబగా తిన్నాయో.
తొక్కిడిలో కుంటిదానికి అందలేదు.
దాన్ని వదిలి జతది కదల్లేదు.
మిగతావాటిని చూసి కెజియ చప్పట్లు కొట్టింది.

"తవుడు" అన్నాను.
"తవుడూ, మిగిలిన అన్నమూ."

కెజియ నా వైపు చూడలేదు.
పుల్లతో మట్టిలో ఏదో గీస్తూ కూచుంది.
తొమ్మిదేళ్ల పిల్ల.

సుందర్రావు స్కూటరెక్కాడు.
ఒక కాలు నేల మీదే ఉంచి
హ్యాండిల్‌తో మాట్లాడుతున్నట్టు అన్నాడు:
"కుళ్లిందేదన్నా తింటే ఇలాగే మెడ జారుతుంది.
ఎక్కడుందో చూసి పాతెయ్యాలి.
మంచినీళ్లు చుక్క చుక్క పొయ్యాలి. తల నిలబెట్టాలి.
ఆపైన వాటి ఓపిక."
కాసేపు ఆగాడు.
వెళ్లిపోయాడు.

రాత్రి కరెంటు పోయింది.
గూటి ముందు ఇద్దరం, ఒళ్లో చెరొక బాతు.
వేల తలలు తెగ్గొట్టిన చేతులివి.
బతికున్న తల ఇంత బరువుంటుందని
వీటికి తెలీదు.
దగ్గుమందు డ్రాపరుతో కెజియ నీళ్లు పోస్తోంది,
సగం లోపలికి, సగం గౌను మీదికి.

"తవుడని ఎందుకు చెప్పావు?"

నేను బాతు మెడ సర్దాను.
సర్దిందే మళ్లీ సర్దాను.

తెల్లారేసరికి ఇంకో మూడు పోయాయి.
డాక్టరమ్మతో కలిపి నాలుగింటినీ
లోతుగా తవ్వి, సున్నం చల్లి పాతాను.
పక్కనే బకెట్టు కూడా.
పోలీసు మాత్రం ముక్కు నేలకి ఆన్చి
మెడ బెత్తెడు లేపింది,
మళ్లీ పడేసింది.

ఆసుపత్రికి నడిచి వెళ్లాను.
సుందర్రావు దూదిని ఉండలు చుడుతున్నాడు.
"తవుడు కాదండీ" అన్నాను.
"సందు మొదట్లోనే వాసన తెలిసింది.
నువ్వు చెబుతావేమోనని
కాలు కింద పెట్టుకుని చూశాను."

ఇంకో ఉండ చుట్టాడు.
"పాపకి చెప్పావా?"
"దానికి తెలుసండీ."
"తెలుసని నాకూ తెలుసు.
చెప్పావా?"