గుడ్డెత్తు బరువు

దీపావళి దాటినంక పోయిన పిల్ల
మిరుగం కార్తెకు మళ్లొచ్చింది.
పెద్దపల్లి దిక్కు ఇటుక బట్టీలకట.
పాత బాకీ తెంపుదామని పోయిన నాయిన
కొత్త బాకీతోటి దామరగిద్దల బస్సు దిగిండు.
"ఆడ మాకు ఊరు లేదు టీచరమ్మా,
పాలమూరు లేబరు అంటరు, అంతే."

మాణిక్యమ్మా, రా బిడ్డా,
చెప్పులిడిచి మిషినెక్కు.

పది కిలోల ఎనిమిది వందలు.
రిజిస్టరు తిప్పిన. పోయేటప్పుడూ అంతే.
ఏడు నెలలు.
గౌను మాత్రం మోకాళ్ల మీదికెక్కింది.

ఫోన్ల కొడితే ఎర్ర అక్షరాలు:
'ఈ బరువు ఇదివరకే నమోదైంది. సరిచూసుకోండి.'
సరిచూసుకున్న.
దింపిన, ఎక్కించిన,
మిషినును కడపబండ మీదికి జరిపిన,
బాలామృతం ప్యాకెట్ పెట్టి దాన్నీ పరీక్షించిన.
రెండున్నర కిలోలు, గ్రాము తప్పలే.

సూపర్‌వైజర్ మేడంకు ఫోన్ చేస్తే
"నెలాఖరమ్మా, వంద గ్రాములు కలుపు, ఎవరడుగుతరు" అన్నది.
ఆమెది తప్పనను.
ఆమె నెత్తిన ఇరవై ఆరు అంగన్‌వాడీలు,
వాటి నెత్తిన ఒక గ్రాఫు.

ఆయా కుర్మమ్మకు ఏం తోచిందో,
ఉడికిన గుడ్డొకటి తెచ్చి పిల్ల పిడికిట్ల పెట్టింది.
పది కిలోల ఎనిమిది వందల యాభై.
ఫోన్ల పచ్చ టిక్కు పడ్డది.

"చేతిలున్నా కడుపులున్నా
గుడ్డు బరువు ఒక్కటే గద టీచరమ్మా?"
నాకు జవాబు దొరకలే.
ఒక్కటే.
ఒక్కటే, కానీ...

ఇంకో గడి మిగిలింది: అంకెలు వచ్చునా?
పలకిస్తే ముట్టలే.
గుడ్ల అట్ట ముందల గొంతు కూసున్నది.
ఒక్కోదాన్ని అరచేత్తో తడుతూ పోయింది,
వరుసకు ఐదు, మల్ల ఐదు,
వరుస తెగినకాడల్లా
నేల మీద బొటనేలితో ఒక గీత.
పచ్చి ఇటుకల కాడ వాళ్లమ్మ పెట్టే గీత అదే కావచ్చు.

"ముప్పై" అన్నది.
అట్టల ఇరవై తొమ్మిదే ఉన్నయి.
తప్పు చెప్పిందనబోయిన.
ముప్పయ్యోది ఆమె పిడికిట్ల ఉన్నది.

'వచ్చు' అని రాసిన.
ఎక్కడ నేర్చిందో రాసేటందుకు జాగ లేదు.

పిల్లలంతా తిని మూతులు కడుక్కుంటున్నరు.
మాణిక్యమ్మ ఇంక పొట్టు తియ్యలే.
మళ్ల మిషినెక్కుమంటరేమోనని
గోడకానుకొని నా దిక్కే చూస్తున్నది.