తుప్పు

"బాగా కాగబెట్టే పట్టేనండీ" అంది సుకన్య.
మూడు పొంగులు.
చంటోడి పాలపొడిలోకి
మూడు పొంగులూ రానిచ్చేదట.
ఆవిరైంది నీళ్ళొక్కటే,
మిగిలింది చిక్కబడిందని
ఆ తల్లికి ఏ నోటితో చెప్పను?
సీసా మూత బిగించి
"రేపు చూసి చెబుతానమ్మా" అన్నాను.

నేను చదువుకున్నోణ్ణి కాను.
కొత్తపేట కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో
ఇరవై ఆరేళ్ళుగా గాజు కడుగుతున్నవాణ్ణి.
తొట్లో పారబోసిన రంగు చూసి
ఎవడు పాసవుతాడో చెప్పగలను.

ఆ రాత్రి తాళం తీసి
పరీక్షనాళికలో లంక బోరు నీళ్ళు పోసి
అన్నభేది కలిపి
గాజు గోడ వారగా గంధకామ్లం జార్చాను.
రెంటి నడుమ
గోధుమరంగు ఉంగరం.
ఏ వేలికీ తొడగలేనిది.
సన్నగా ఉంది. కానీ ఉంది.

నలభై ఐదు దాటకూడదంటుంది పుస్తకం.
పొద్దున్నే మేడంగారి మిషను
నూట పన్నెండు చూపించింది.

పటిక తిప్పితే మడ్డి దిగుతుంది, ఇది దిగదు.
బ్లీచింగు చల్లితే పురుగు చస్తుంది,
ఇది చావడానికి బతికున్నది కాదు.
కొబ్బరినీళ్ళంత తేటగా గ్లాసులో కూర్చుంటుంది.

ఎక్కణ్ణించొచ్చిందంటే
ఎవరి చేతులు వాళ్ళు చూసుకోవాలి.
మన మన్ను కింది గ్యాసూ
మన నెత్తి మీది గాలీ
కాకినాడలో తెల్ల గుళికలై
బస్తాలెక్కి అరటితోటకొచ్చాయి.
గెల బరువు కోసం దోసెడు ఎక్కువ.
ఆ దోసిళ్ళలో నాదీ ఒకటి.
మొక్క తిన్నంత తిని వదిలేసింది.
ఇసకనేల కడుపులో ఏదీ దాగదు.

జిలానీ లేతు షెడ్డులో
చుట్టలు చుట్టలుగా రాలిన ఇనపరజను
గోనెడు అడిగాను.
"ఏం వండుతావు మావా?"
పలచటి ఆమ్లంలో కడిగి, డ్రమ్ములో పోసి
బోరు నీళ్ళు నింపి
చేతులు పడిపోయేదాకా తిప్పాను.
మూడోనాటికి ఉంగరం పడలేదు.
మూత తీస్తే ముక్కుపుటాలదిరాయి:
ఎరువుల గోదాము వాసన!
పోలేదది. వేషం మార్చి అమ్మోనియా అయింది.
సున్నం వేసి, గాలి కొట్టి
వచ్చిన ఆకాశంలోకే తోలాను.
కొంత వానతో మళ్ళీ దిగుతుందట,
మేడంగారన్నారు.

ఆవిడే రెజిన్ పూసల సంగతి చెప్పారు.
విషాన్ని పట్టుకుంటాయట,
ఉప్పునీళ్ళతో కడిగితే వదిలేసి
మళ్ళీ పనికొస్తాయట.
"మరా కడిగిన నీళ్ళండీ?"
ఆవిడ కిటికీలోంచి
కాలవ వైపు చూసి ఊరుకున్నారు.

తర్వాత నెమ్మదిగా చెప్పారు:
పసికందు కడుపులో ఇది ఒక మెట్టు దిగి
నెత్తుట్లో ఇనుముకి తుప్పు పట్టిస్తుందట.
ఊపిరి మోయలేని ఇనుము.
అందుకే ఆ పెదాలు నేరేడుపళ్ళు.
ఆసుపత్రిలో నీలిమందే ఎక్కించారు,
నీలానికి నీలమే విరుగుడు.

డ్రమ్ము అడుగున ఎర్ర బురద.
అంటే ఇంతే కదా.
ఎక్కడో ఓ చోట ఇనుము తుప్పు పట్టాల్సిందే.
వాడి నెత్తుట్లోనా,
జిలానీ రజనులోనా అన్నదొక్కటే
మన చేతుల్లో ఉంది.

పిల్లోడు ఇంటికొచ్చాడు.
"ఇది ఇంకా నమ్మకం లేని నీరు,
వాడికి పట్టకు,
అవతలి ఊరి ట్యాంకరువే తెప్పించుకో" అన్నాను.
సుకన్య తలూపింది. డ్రమ్ము వంక చూసింది.
"కాగబెట్టే ఇవ్వనాండీ?"

ఎర్రబడ్డ చేతులు పంచెకు తుడుచుకున్నాను.
ఎంత తుడిచినా రంగు పోలేదు.
"కూర్చో అమ్మా," అన్నాను,
"ఆ పొంగుల సంగతి
నీకొకటి చెప్పాలి."