ఒంటికాలి లెక్క

తొంభై ఎనిమిది జనవరి, భీములవారిపాలెం రేవు.
అప్పటికి ఇదంతా నెల్లూరు జిల్లానే.
చేతిలో రేంజి ఆఫీసువాళ్లిచ్చిన ఫారం:
పక్షి పేరు, సంఖ్య, సమయం, గమనిక.
మెడలో అరువు బైనాక్యులరు, ఎడమ కన్ను మసక.
సంచిలో చల్లారిన పులిబొంగరాలు ఎనిమిది.
"సైన్సు మాస్టరువి, నువ్వు కాక ఎవరు పోతారు"
అన్నారు సూళ్లూరుపేటలో.
బాతుకీ గూడబాతుకీ తేడా
ఆ వారమే పుస్తకంలో చూసుకున్నాను.

పడవ చెంబేటి పోలమ్మది.
కాదు, వాళ్ల మామది. తోసేది మాత్రం ఆమె.
ఇరకం దీవి ఎక్కడో దూరాన
నీళ్ల మీద గోటితో గీసిన పచ్చటి గీత.

సగం దూరంలో పడవ బురదకి కూర్చుంది.
పోలమ్మ దిగింది, మోకాలి లోతు.
ఎటూ దిగాను గదా అని తన పనీ మొదలుపెట్టింది:
తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టి
వంగి, రెండు చేతులూ అడుగున పాకించి
రొయ్యల్ని తడిమి తడిమి తీస్తూ,
నడుమ నడుమ తుంటితో పడవను నెడుతూ.

అడిగినదానికల్లా కనుబొమ్మలతోనే జవాబు.
అవి సూదితోక బాతులేనా?
ఎడమ బొమ్మ పైకి.
ఆ తెల్లవి?
రెండూ కిందికి.
తెలియదనో, అడగొద్దనో.
నేను రాసుకుంటూ పోయాను.
గూడబాతులు పదహారు,
పెళ్లి భోజనం అయిన బంధువుల్లాగా
కదలమంటే కదలకుండా.

దీవి ఒడ్డున బోర్డు ఒకటి.
రక్షిత ప్రాంతం, వేట నిషేధం అని ఉండేదట.
ఉప్పుగాలి తినగా తినగా
'వేట' మాత్రం మిగిలింది.
దాని మేకుకే బుట్ట తగిలించి
పోలమ్మ నోరు కడుక్కుంది.

ఇలవకూర తుప్పల అవతల, పలచటి నీళ్లలో
రాజహంసలు.
గులాబీ రంగనుకుని వచ్చాను. తెలుపే ఎక్కువ.
ఏదో ఒకటి రెక్క విప్పినప్పుడు
గొడుగు లోపలి ఎర్రటి అస్తరు
కనిపించీ కనిపించకుండా.
పదులుగా పట్టుకుని, పదుల్ని వందలు చేసి
లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు.
రెండోసారీ అంతే!
ఆ సంబరంలో పోలమ్మ చేతిలో ఒక పులిబొంగరం పెట్టి
పాఠం కూడా చెప్పాను:
"చూడమ్మా, ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి,
ఒంట్లో వేడి పోకుండా."

ఆమె నములుతూ వేలు చూపించింది.
"ఆ కొసన ఉండేది నిద్రపోలా సారూ.
దానికుండేదే ఆ కాలు.
దీపావళప్పుడు వచ్చినాయే, అప్పుడు రెండుండె.
నైలాను వల."

బైనాక్యులరు ఎత్తాను.
చాలాసేపు ఏమీ జరగలేదు.
ఎండ కొంచెం జరిగింది.
తర్వాత ఒక్కొక్కటే, తీరిగ్గా,
మిగతావి కాలు మార్చుకున్నాయి.
అది మార్చుకోలేదు.

"ఎట్టా తింటుంది మరి?"
"తింటాది. గాలి రానంతదాకా."
"వల ఎవరిది?"

పోలమ్మ లేచి, మేకు మీది బుట్ట తీసి
మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుంది.
ఈసారి ఏ బొమ్మా లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పడవ ఎక్కడా ఆగలేదు,
లేదా ఆమె ఆగనివ్వలేదు.
గమనిక గడి అంగుళం వెడల్పు.
'ఒకదానికి కాలు లేదు' అని ఇరికించి రాశాను.
రేంజి గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టి
"పిట్టల్ని లెక్కపెట్టమంటే
కాళ్లు లెక్కపెట్టినావా సారూ" అని
నవ్వుతూనే సీలు కొట్టాడు.

ఇప్పుడు ఆ నీళ్లు వేరే జిల్లాలో ఉన్నాయి.
నేను నెల్లూరులో, రెండో అంతస్తులో.
మెట్లెక్కుతుంటే మోకాలు పట్టేస్తుంది.
పట్టినప్పుడల్లా మధ్యలో ఆగి, గోడ పట్టుకుని,
కాలు మార్చుకుంటాను.