ట్రాన్స్‌ఫర్ డబ్బా

కొత్తపట్నం పల్లెపాళెంలో
పోలయ్య జీపు కడుపులోంచి ఆయిలు దించితే
చీమకుర్తి రాయిలా ఉంది.
కారునలుపులో బంగారు నలుసులు.
"అబ్బ, ఎంత బాగుందో" అన్నాను.
ఖాజావలి మేస్త్రి నెత్తిన మొట్టాడు.
"మెరిసిందంటే లోపల ఏదో అరిగిందని రా.
ఇత్తడి వాషరు పొడైపోయింది, చూడు."

ఉప్పునీళ్లలో నిలబడి
పడవల్ని ఇసక మీదికి లాగే జీపది.
పాత డబ్బా విప్పితే పళ్లచక్రాలకి పళ్లే లేవు.

కొత్తదంటే కొత్తది కాదు.
రామతీర్థం క్వారీలో పాడుబడిన జీపుది.
గోనెపట్టాలో చుట్టుకుని ఒంగోలు బస్సులో
నా ఒళ్లో కూర్చుని వచ్చింది.
కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు.
నలభై కిలోలు మరి.
కిరసనాయిల్లో కడిగితే మూడుసార్లు రాతిపొడే దిగింది.
నాలుగోసారి ఇనుము కనపడింది.

గ్యాస్కెట్టు లేదు.
గోవిందమ్మ ఇంట్లోకి పోయి
కూతురి ఓణీల ఫంక్షను కార్డు తెచ్చింది.
అంచు మీద పెట్టి సుత్తితో టకటకా కొడితే
పేర్లు, ముహూర్తం, విందు అన్నీ తెగి రాలిపోయాయి.
'సకుటుంబ సపరివార' అన్న ముక్క మాత్రం
రెండు బోల్టుల మధ్య మిగిలింది.

రేడియోలో మూడో నంబరు హెచ్చరిక.
గాలి అప్పుడే సరుగుడు తోపులో ఈల మొదలెట్టింది.

జాకీ కింద ఇసక జారుతోంది.
మేస్త్రి వెల్లకిలా పడుకుని
డబ్బాని రొమ్ము మీద పెట్టుకున్నాడు.
ఊపిరి పీలిస్తే అది లేచింది.
వదిలితే దిగింది.
ఆ ఊపిరి కొసన గాడి కుదరాలి.
"తిప్పరా. రవ్వంత. ఎడమకి.
నీ ఎడమ కాదురా, నాది."

కూర్చుంది.
ఆ చప్పుడు నా మోకాళ్లకి వినపడింది.

"ఒకదానికి ఎదురు ఒకటి బిగించు.
ఒక పక్కే బిగిస్తే రెండోవాడు అలుగుతాడు."
లాంతరు ఆరింది. తడుముకుంటూ బిగించాను.

చీకట్లో, వానలో
పోలయ్య చిన్న పుల్లని వెనక్కి లాగాడు.
ఇన్నాళ్లూ వెనక చక్రాలు నెడితే
ఊరికే దొర్లిన ముందు చక్రాలు
ఒక్కసారిగా ఇసకని కరిచాయి.
మోకు బిగిసింది. పడవ కదిలింది.
ఆడవాళ్లు కూడా వచ్చి భుజాలు ఆనించారు.

తెల్లారేలోపు పదకొండు పడవలు తోపు దాటాయి.

పదకొండోది లాగేటప్పుడు
చొక్కా జేబులో చెయ్యి పెడితే
చల్లగా ఒక వాషరు తగిలింది.
ఎక్కడ ఉండాల్సిందో నాకు తెలుసు.

"ఏందిరా అట్టా తెల్లబోయావు?"
తడిసిన బీడీ విసిరేస్తా అడిగాడు మేస్త్రి.

"చలి" అన్నాను.

ఆ జీపు ఇంకా తిరగతానే ఉంది.
వాషరు నా తాళాల గుత్తిలో.