ఊదితే కనబడే ముద్ర

ముత్రా సూక్‌ల మా గల్లీకి ఎండ
పొద్దుగాల పావుగంట వస్తది, పోతది.
ఆ పావుగంటలనే వచ్చిండు డ్రైవరు
దుప్పట్ల చుట్టిన జంట సెమ్మెలు సంకనెత్తుకొని,
నిద్ర చెడకుండ కవలల్ని తెచ్చినట్టు.

కొవ్వొత్తులు పెట్టే వెండి సెమ్మెలు.
ఇంగ్లండుల ఏ దొరవో. మనుమలు అమ్ముకుంటే
వేలంల కొన్నదట సయ్యిదా.
మాకు పని ఒకటే:
పాత ముద్ర చెరిపి ఆమె ఇంటి అక్షరం చెక్కాలె.

ముద్రంటే, ఎనక కాళ్ల మీద లేచిన గుర్రం, నోట్ల కంకి.
దాని మీద మెల్లగ ఊదిన.
మా బాపు చూపించిన కిటుకు: ఊపిరి తగిలితే
చెరిపేసిన గీత ఒక్క రెప్పపాటు బతికొస్తది.
గుర్రం కింద పక్షి రెక్క.
రెక్క కింద ఇంకేదో, కిరీటమో, కుండనో.
ఆవిరి ఆరింది. అందరు పోయిన్రు.

గీకిన కొద్ది వెండి పలచనైతది.
గోటితో కొడితే మోగలే;
లోపలంత లక్క, బరువు కోసం పోసింది.
"సేఠ్, ఇంకో యజమానిని మోసే మందం లేదు దీనికి"
అన్న. ఖల్ఫాన్ నవ్వి చాయ్ తెప్పించిండు.
చాయ్ వచ్చిందంటే చెక్కుమని.

కరీంనగర్‌ల మా తాత
వెంట్రుకంత తీగ తీసి
నవాబులకు అత్తరుదానులు అల్లిండట.
మా గూట్ల మాత్రం
సత్తు డబ్బ, దాంట్ల పటకార్లు.

సెమ్మె నడుమ ఒక చోట అరిగి గుంట పడ్డది,
బొటనవేలు ఆనే జాగ.
దొర ఎన్నడు తోమి ఉండడు.
సుద్దపొడి అద్దుకొని, నల్లబడ్డ చేతులతోని
ఎవలో ఏండ్లకేండ్లు పట్టుకున్న పట్టు అది.
నా వేలు పెట్టి చూసిన.
కొలత తీసినట్టు కూసున్నది.

గూట్ల ఎండిన మైనం పెళ్ల
సూదితో లేపి పారేసిన. వాసన లేదు.

అక్షరం చెక్కుడైనంక తిరగేస్తే
అడుగున మూడు గీతలు, పక్కన చిన్న కొక్కెం.
నా లెక్కనే ఎవడో అతుకులోడు,
ఏ ఊరోడో, ఏ కూలికో.
వాని గీతల పక్కన
కంటికానని "రు" ఒకటి గీసిన.
రుద్రోజు అని నిండుగ రాయడానికి
చెయ్యి రాలేదు.

భూతద్దం పెట్టి చూసిండు ఖల్ఫాన్.
"ఇదేంది?"
"తూకం లెక్క" అన్న.