అప్పు వెలుగు

మా వంటింటి కిటికీ తెరిస్తే లాడ్జి గోడ.
నడాన నాలుగడుగుల సందు,
సందులో పైపులు, పావురాల రెట్టలు,
ఎవరిదో ఎప్పుడో జారిపోయిన పసుపు తువ్వాల.
తిరుపతిలో ఇంత బాడుగకి
ఆకాశం కూడా ఇయ్యరు.

అయినా ధనియాలు చల్లినాను.
చెప్పుకింద నలిపితే బద్దలవుతాయని మా అవ్వ చెప్పేది.
పొయ్యి ముందర చెప్పేందని
చపాతీ కర్రతో నలిపినాను.
నూనె డబ్బాని అడ్డంగా కోయించి పెట్టుకుంటే
గుర్రప్ప ఆటోలో పేరూరు దిక్కునుంచి
రెండు గోతాలు మన్ను తెచ్చినాడు.
అర గోతం మెట్లమీదే పోయింది,
ఇంటాయమ్మ మూడు దినాలు మాట్లాడలేదు.

పన్నెండో దినం లేచినాయి,
దారప్పోగుల మాదిరి, తెల్లగా,
ఒక్కటీ నిలబడే మొలక కాదు.
కర్రీ పాయింట్ పెట్టుకున్నదాన్ని,
దినానికి నాలుగు కట్టలు కావాల నాకు.
ఎండాకాలం కట్ట ముప్పై అంటారు,
ముప్పైకి చేతిలో పెట్టేది మూడు కాడలు.

ఒక పొద్దున
ఎదురుగా మూడువందల నాలుగో రూములో
ఎవరో కిటికీ రెక్క బయటికి తోసినారు.
ఆ అద్దంమీద పడిన ఎండ
సందు దాటి, ఊచలు దాటి,
తాలింపు పొగలోంచి
నా నూనె డబ్బాలోకి దిగింది.
అర గంట.
పప్పు మాడింది. నేను చూస్తానే ఉన్నా.

అప్పట్నించీ నా కొత్తిమీరని పెంచింది
నాకు పేర్లు తెలియని జనం.
సేలం వాళ్లు రెక్క సగమే తెరిచినారు,
ఆ దినం వెలుగు పొదీనా దాకా రాలేదు.
నాందేడు పెద్దాయన తెల్లారకముందే తెరిచి
దానిమీదే తడి పంచ ఆరేసి పోయినాడు.
ఒంగోలామె ఒకామె
దువ్వెన పట్టుకుని అలవాటుగా తలమీదికి చెయ్యెత్తి,
గుండు తగిలి, తనలో తనే నవ్వుకుని,
రెక్క బార్లా తెరిచింది.
వాళ్లు కొండమీద క్యూలో నిలబడినంతసేపూ
ఇక్కడ నా మొక్కలు నిలబడేవి.

రూము ఖాళీ అయితే చీకటే.
రూంబాయ్ చెంగల్రాయుడిని కేకేసినా:
"రేయ్, ఊడ్చేటప్పుడు ఆ రెక్క తీసి పోరా."
"ఏందికక్కా?"
"కొత్తిమీరకి."
వాడు నన్నొకసారి, డబ్బానొకసారి చూసి
ఏమీ అనకుండా తీసినాడు.
మర్నాడు సందులోకి చెయ్యి చాపినాడు,
టీలోకి రెండు పొదీనా ఆకులకి.
నా చెయ్యి అందలా.
అట్లకాడమీద పెట్టి ఇచ్చినా.

వైశాఖంలో ఏసీలు బిగించినారు.
రెక్కకి మేకులు, అద్దానికి నల్ల కాయితం.
కొత్తిమీర రెండు వారాలు అటే వంగి చూసింది.
డబ్బా తిప్పి పెడితే
మూడు దినాల్లో మళ్లీ అటే తిరిగేది,
ఆపేసిన బస్సుకోసం అదే స్టాపులో నిలబడినట్టు.
తర్వాత పండిపోయి, పండుకునేసింది.
ఆ చివరి గుప్పెడూ ఊరిబిండిలో వేసి నూరినాను.
అమ్మలేదు.
సంగటిలోకి మేమే తిన్నాం,
గుర్రప్ప వేళ్లు నాకి, ఏమీ అడగకుండా
ఇంకో ముద్ద పెట్టమన్నాడు.

పొదీనా మాత్రం మొండిది.
ఏసీ పెట్టెనుంచి కారే నీళ్లకి
చెంగల్రాయుడు సన్న పైపు తగిలించి
మా ఊచలకి తాడుతో కట్టిపోయినాడు,
ఎప్పుడు కట్టినాడో చూడనుకూడా లేదు.
రాత్రంతా చుక్క. చుక్క.
అవతల ఎవరో చల్లగా నిద్రపోతా ఉంటారు,
రెండు గంటలకి అలారం పెట్టుకుని.
వాళ్ల ఊపిరి తడి కూడా
ఇందులో కొంచెం ఉంటుందేమో, నాకు తెలీదు.

నిన్న కొత్త ఆకు ఒకటి విప్పింది,
కందిగింజంత.
నలిపి వాసన చూద్దామని చెయ్యి పెట్టి,
తీసేసి,
కొంగుకి తుడుచుకున్నా.